లోడు లేని బండికి మంచు లైట్లు

ఆ రెండు లైట్లూ ముందు మా వంటింట్లోకే వచ్చాయి. షెడ్డుకి పోవాల్సిన పార్సిలు, మా ఆయన ఇంటి అడ్రసు రాయించాడు గనక ఇంటికొచ్చింది. ఇంటికొచ్చిన వస్తువుని విప్పకుండా ఉంచడం నా వల్ల కాదు. కూరగాయల కత్తితో టేపు కోసి అట్టపెట్టె తెరిచి చూస్తే, లోపల థర్మాకోలు గూట్లో పక్కపక్కనే రెండు గుండ్రటి లైట్లు. ఒక్కోటి పెరుగు తోడేసుకునే గిన్నె అంత. వెనకాల స్టీలు డిప్ప, ముందు గాజు. ఆ గాజేమో తెల్లగా లేదు. నువ్వుల నూనె సీసాని ఎండకి పెట్టి చూస్తే ఎలా ఉంటుందో ఆ రంగు.

లైటన్నాక తెల్లగా ఉంటే ఎక్కువ కనిపిస్తుంది గదా, పసుపు గాజు ఎందుకు పెట్టారా అని నాకు పట్టుకుంది. మధ్యాహ్నం క్యారేజీ ఇవ్వడానికి ఆటోనగర్ వెళ్లినప్పుడు మా ఆయన్ని అడిగాను. "మంచులో వేసుకునే లైట్లవి. మంచుకి పసుపే పనికొస్తుంది," అన్నాడు పప్పన్నం కలుపుకుంటూ. ఎందుకని అంటే, వాళ్ల గురువు అలాగే చెప్పాడన్నాడు. పక్క షెడ్డులో వైరింగు పని చేసే ఎలక్ట్రీషియన్ని అడిగితే, తెల్లటి వెలుగు మంచుకి తగిలి తిరిగొచ్చి మన కళ్లల్లోనే పడుతుందన్నాడు, పసుప్పచ్చది పడదా అంటే, "పడుద్ది వదినా, కానీ మర్యాదగా పడుద్ది," అన్నాడు. కారు ఓనరు గారిని అడిగితే ఫోటోలో పసుపే ఉందండీ అన్నారు. ముగ్గురూ మూడు చెప్పారు. ఏ ఒక్కటీ నాకు తృప్తి కాలేదు.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి.

మా ఆయనది లారీ బాడీలు కట్టే షెడ్డు. వెనకటికి లారీలు ఒంటిమీద బట్ట లేని మనిషిలా వచ్చేవి. ఇంజనూ, చక్రాలూ, మధ్యలో ఇనప చట్రం, అంతే. డ్రైవరు ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, తలకి తువ్వాలు చుట్టుకుని, ఎండకీ గాలికీ ఎదురుగా దాన్ని నడుపుకుంటూ షెడ్డుకి తెచ్చేవాడు. దానికి మా ఆయన క్యాబినూ, వెనక తొట్టీ కట్టి, రంగులేయించి, బంపరు మీద పువ్వులు రాయించి, పెళ్లికూతుర్ని చేసి పంపేవాడు. ఇప్పుడు కంపెనీ వాళ్లే క్యాబిను కట్టి, గాజులు బిగించి, సీట్లు కుట్టి పంపుతున్నారు. షెడ్డులో సుత్తి చప్పుడు రోజు విడిచి రోజైంది, తర్వాత వారానికోసారైంది. షెడ్డు స్థలం గలాయన, ఉంటారా తాళం ఇచ్చేస్తారా, నెలాఖరుకల్లా ఏదో ఒకటి తేల్చమన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లో వచ్చారు ఈ ఓనరు గారు. గవర్నర్‌పేటలో ఇనప సామాన్ల షాపు వారిది. చిన్నప్పుడు మంగలి షాపు క్యాలెండరు మీద ఒక కారు బొమ్మ చూశారట. ఎక్కడో ఇంగ్లండులో తయారైన పాతకాలం రేసు కారు. పైన టాపు ఉండదు, ఇద్దరే కూర్చోవాలి, ముక్కు నేలకి ముద్దు పెట్టుకుంటున్నట్టు వంగి ఉంటుంది. అసలుది ఈ జన్మకి దొరకదు, నకలైనా చేయించుకుంటానని తిరిగి తిరిగి, ఒక పాత కారు ఛాసీ, అంటే కింది చట్రమూ, ఇంజనూ సంపాయించి, దాని మీద ఆ బొమ్మలో ఉన్నట్టే ఫైబరు బాడీ కట్టి పెట్టమని మా ఆయన దగ్గరికి వచ్చారు. కార్ల మేస్త్రీలు ఇద్దరు ముగ్గురు వల్ల కాదన్నారట. మా ఆయన ఫోనులో ఫోటోని వేళ్లతో పెద్దది చేసి, చిన్నది చేసి, చాలాసేపు చూసి, "కడదాం సార్," అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాతో అన్నాడు: "ఈ కారు ఆయనకి నచ్చిందా, షెడ్డు ఉంచుకుందాం. తేడా వచ్చిందా, తాళం ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటా."

ఇంట్లో కూర్చుంటా అన్న మాట ఆయన నోట్లో, మంచాన పడతా అన్నట్టు వినపడింది నాకు. ఆదివారం ఒక్క పూట ఇంట్లో ఉంటేనే బాగున్న కుర్చీల బోల్టులు ఊడదీసి మళ్లీ బిగించే మనిషి. షెడ్డు తాళం చెవి వంటింటి గుమ్మం పక్కన మేకుకి వేలాడుతూ ఉంటుంది. ఆ రోజు నుంచీ పోపు వేసినప్పుడల్లా నా కళ్లు దాని మీదకే పోయేవి.

బాడీ కట్టడానికి చాలా నెలలు పట్టింది. రంగు దగ్గర ఓనరు గారు, తమలపాకు రంగు కావాలండీ, ఆకు వెనక వైపుది కాదు, ముందు వైపుది, అన్నారు. నేను ఇంట్లోంచి రెండు ఆకులు పట్టుకెళ్లి రంగు కలిపే అతని ముందు పెట్టాను. అన్నీ అయి, చివరికి మిగిలినవి ఈ మంచు లైట్లే. ఓనరు గారికి తోట్లవల్లూరు అవతల లంకలో అరటి తోట ఉంది. ప్రతి ఆదివారం తెల్లారకుండా కరకట్ట మీద బయల్దేరి పోతారు. చలికాలం ఆ గట్టు మీద మంచు ఎలా ఉంటుందో అటు వైపు తిరిగిన వాళ్లకి చెప్పక్కర్లేదు. "ఫోటోలో ఉన్నాయని కాదు మేస్త్రీ గారూ, నాకు నిజంగా కావాలి. అక్కడ ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క పల్లం," అన్నారు.

లైట్లు షెడ్డుకి పంపేముందు ఒక పని చేశాను. పొద్దున ఇడ్లీ గిన్నె మూత తీసి, వంటింట్లో లైటు ఆర్పి, టార్చి నా కళ్ల దగ్గర పెట్టుకుని ఆవిరి మీదకి వేశాను. ఆవిరి గోడలా తెల్లగా లేచి మొహాన కొట్టింది, అవతల ఏమీ లేదు. టార్చిని పొయ్యి గట్టు దాకా దించి వేశాను. వెలుగు ఆవిరి కిందనుంచి జారి, అవతలి మూల పోపుల డబ్బా మీద పడింది. డబ్బా కనిపించింది. మళ్లీ పైకెత్తాను, పోయింది. దించాను, వచ్చింది. ఇక పసుపు సంగతి తేలుద్దామని పళ్లబుట్ట మీద చుట్టిన పసుప్పచ్చ గలగలలాడే కాగితం టార్చికి కట్టి చూశాను. నాకైతే తేడా తెలియలేదు. ఈలోగా ఇడ్లీలు రాళ్లయ్యాయి.

క్యారేజీలో ఆ రాళ్లే పెట్టి, జరిగింది చెప్పాను. మా ఆయన ఇడ్లీ విరవడానికి రెండు చేతులూ వాడి, "ఆవిరికీ మంచుకీ సంబంధం ఏంటే?" అన్నాడు.

"రెండూ నీళ్లేగా."

కాసేపు నమిలి, అందుకేగా కింద పెట్టేది, అని తలూపాడు. ముందే తెలిసి ఊపాడో, అప్పుడే తెలిసి ఊపాడో నేను అడగలేదు.

బిగించేటప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఫైబరంటే పెద్ద అప్పడం లాంటిది. లైటు బరువు దాని మీద పడితే గతుకుల్లో ఊగి ఊగి బీట ఇస్తుంది. అందుకని మా ఆయన ముక్కు కింద ఖాళీలోంచి చెయ్యి దూర్చి, ఛాసీకే ఇనప పట్టీలు బోల్టులేసి బిగించి, వాటి చివర్లు ముందుకి వంచి లైట్లు కూర్చోబెట్టాడు. కారు చూస్తే లైట్లు ముక్కుకి పెట్టుకున్నట్టే ఉంటుంది, మోసేదేమో ఛాసీ. వైర్లకి మాత్రం రెండు బెజ్జాలు వేయక తప్పలేదు. అక్కడ రంగు పెచ్చు లేవకుండా కాగితం టేపు అంటించి, డ్రిల్లు మిషను నెమ్మదిగా తిప్పాడు. అంతకు ముందే నడిమధ్య ఎక్కడో తెలియడానికి ఒక కొస నాకిచ్చి నూలుదారం లాగాడు, అటూ ఇటూ జానలు కొలిచాడు. కొలత టేపు జేబులోనే ఉంది, తీయలేదు.

ఇనప పట్టీలు మాత్రం లారీకి వాడేవి. చూసి ఎలక్ట్రీషియన్, "అన్నా, లైట్లు తగిలిస్తున్నావా, ఎద్దుల్ని కట్టేస్తున్నావా?" అన్నాడు. మా ఆయన బోల్టుని ఇంకో చుట్టు బిగించాడు. గట్టిగా ఉంటే తప్పేంటని ఆయన ఉద్దేశం. ఆయన చేతికి లారీ తప్ప ఇంకోటి తెలియదు. అది అప్పుడు నవ్వుగానే ఉంది నాకు.

సాయంత్రం చీకటి పడుతుండగా లైట్లు సరిచూశారు. ఓనరు గారు కూడా వచ్చారు. కారుని ఎదురు గోడౌను గోడకి రెండు బారల దూరంలో ఆపి, లైటు ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తున గోడ మీద సుద్దముక్కతో గీత గీశాడు మా ఆయన. దానికి జానెడు కింద ఇంకో గీత. స్విచ్చి వేసి, వెలుగు మధ్యభాగం సరిగ్గా కింది గీత మీద పడేలా లైట్లు వంచి నట్లు బిగించాడు. గోడ మీద రెండు గుడ్డు పచ్చసొనలు పక్కపక్కన పోసినట్టుంది.

జానెడు ఎందుకు దించుతారని అడిగాను. ఈసారి మంచి జవాబే చెప్పాడు. లారీకి లోడు వెనక పడుతుంది. లోడు పడితే వెనక దిగి, ముందు లేస్తుంది. ముందు లేస్తే లైటు లేచి ఎదుటివాడి కళ్లల్లో పడుతుంది. అందుకని ఖాళీ బండికి లైటు దించి పెడితే, లోడు పడ్డాక దానంతటదే సరైన చోటికి వస్తుంది. ముప్పై ఏళ్లుగా ఆటోనగర్లో ఇదే పద్ధతి అన్నాడు. వింటుంటే ఎంత ముచ్చటేసిందో. ఇంకా రాని బరువుని ముందే ఊహించి లైటు వంచడం.

తర్వాత కారు వెనక్కి చూశాను. రెండు సీట్లు. వాటి వెనక ఒక సంచీ పట్టే అరుగు. అంతే.

మరి ఇందులో లోడేది, అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఓనరు గారు చేతులు వెనక్కి కట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు. పని చేయించుకునే మనిషి ఎదురుగా మేస్త్రీని ఇంటిది నిలదీయకూడదని మా అత్తగారు నాకు కాపురానికి వచ్చిన కొత్తలోనే నేర్పింది. మింగేశాను. ఇంటికెళ్లాక అడగొచ్చు గదా అంటే, ఆ రాత్రి మా ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. గోడ మీద వెలుగు చూసినప్పుడు ఓనరు గారి మొహం చూశావా అని మూడుసార్లు అడిగాడు. అంత తెలిసిన మనిషికి ఆ మాత్రం తెలియదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పసుపు ఎందుకు, కింద ఎందుకు అని ఊరంతా అడిగినదాన్ని, అడగాల్సిన ఒక్కటీ అడక్కుండా పడుకున్నాను.

ఆదివారం తెల్లారుజామున, యనమలకుదురు దగ్గర కరకట్ట మొదట్లో బండికి కొబ్బరికాయ కొట్టి పంపాలని అనుకున్నాం. ఓనరు గారూ మా ఆయనా ఆ కారులో వచ్చారు. కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపు కుంకుమలతో నేను ఎలక్ట్రీషియన్ ఆటోలో వచ్చాను. మంచు కృష్ణ మీదనుంచి లేచి గట్టెక్కి కూర్చుంది. ఆటో దిగితే నా కాళ్లే నాకు మసకగా ఉన్నాయి. తడుముకుంటూ కారు ముక్కు మీద బొట్లు పెట్టి, లైట్ల దగ్గరికి చెయ్యి తీసుకెళ్తే, "గాజు మీద పెట్టకే," అన్నాడు మా ఆయన. వాటికి పుట్టుకతోనే పసుపు పూశారులే అని వదిలేశాను. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టాను. కారు వాటిని తొక్కి ముందుకి కదిలింది. ఓనరు గారు మంచు లైట్ల స్విచ్చి వేశారు.

ఒక నలభై అడుగులు పోయి ఆగింది.

మేం నడిచి దగ్గరికి వెళ్లాం. వెలుగు బ్రహ్మాండంగా ఉంది, కానీ కారు ముందు చాప పరిచినట్టు అక్కడే పడి ఉంది. కారు పొడుగంత దూరం దాటి పోవడంలేదు. ఆ చాప మీద గడ్డిపోచ గడ్డిపోచా లెక్కపెట్టొచ్చు. దాని అవతల ఏమీ లేదు. గట్టు అంచున నలుపూ తెలుపూ రంగులేసిన రాళ్లుంటాయి, మొదటి రాయి కూడా కనిపించట్లేదు.

ఓనరు గారు స్టీరింగు మీద చేతులు తీయకుండానే అన్నారు: "మేస్త్రీ గారూ, నా బంపరు నాకు బాగా కనిపిస్తోందండీ. రోడ్డే కనిపించట్లేదు."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. మా ఆయన దిగి గాజులు తుడిచాడు. బల్బులు చిన్నవేమో అన్నాడు. ఎలక్ట్రీషియన్ మీద విసుక్కున్నాడు, వైరు సన్నది వేశావా అని. అతను వంగి వైర్లన్నీ తడిమి, కరెంటు బాగానే వస్తోంది అన్నా, అన్నాడు. మా ఆయన మళ్లీ గాజులే తుడిచాడు. వంటింట్లో మేకూ, దానికి తాళం చెవీ కళ్లముందు మెదిలాయి. ఇక అత్తగారు నేర్పింది పక్కన పెట్టాను.

"ఏవండీ, ఈ బండికి లోడు ఎక్కడ పడుద్ది?"

ఆయన చెయ్యి గాజు మీదే ఆగిపోయింది. లేచి నిలబడి, కారు వెనక్కి నడిచి, ఆ సంచీ అరుగు వైపు చూశాడు. చూసి చూసి, నా వైపు తిరిగి, "ఎక్కు," అన్నాడు.

"నేనా?"

"నువ్వే. నువ్వూ ఎక్కు," అన్నాడు ఎలక్ట్రీషియన్‌తో.

చీర కుచ్చిళ్లు పట్టుకుని, ఓనరు గారి సీటు ఆసరాతో ఆ అరుగు మీదకి ఎక్కి కూర్చున్నాను. పక్కన ఎలక్ట్రీషియన్. కారు వెనక నిట్టూర్చినట్టు దిగింది, ముక్కు లేచింది. కారు ముందున్న చాపని ఎవరో కొస పట్టుకుని లాగినట్టు వెలుగు జరజరా ముందుకి పాకింది. మొదటి రాయి వచ్చింది. రెండో రాయి వచ్చింది. మూడో రాయి దాకా పోయి ఆగింది.

"మన లోడు సరిపోయింది వదినా," అన్నాడు ఎలక్ట్రీషియన్. "నువ్వు లేకపోతే నేనొక్కణ్ణే ఒళ్లో రెండు బస్తాలు పెట్టుకుని కూర్చోవాల్సొచ్చేది."

ఎవరూ నవ్వలేదు. మా ఆయన కారు ముందుకి వచ్చి ఓనరు గారి ఎదురుగా నిలబడ్డాడు. పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్నాను, పని చేయించుకున్న వాళ్ల ముందు పొరపాటైందని ఆ నోటితో అనగా నేను వినలేదు. తప్పంతా రోడ్డు మీద తోసేవాడు, రంగు మీద తోసేవాడు, డ్రైవరు మీద తోసేవాడు.

"తప్పు నాదే సార్. లోడు పడ్డాక లేస్తాయని లైట్లు దించి పెట్టాను. లారీ అలవాటు."

ఓనరు గారు లైట్ల వైపు చూశారు, అరుగు మీదున్న మా ఇద్దరి వైపు చూశారు. మీసం కింద నవ్వు మొదలైంది. "లారీ మేస్త్రీ చేత కట్టించుకున్నాను గదండీ. ఎక్కడో ఒక చోట లారీ ఉండకపోతే ఎలా?"

మమ్మల్ని దింపి మా ఆయన స్పానరు తీశాడు. మేం దిగగానే వెలుగు మళ్లీ ముడుచుకుని కారు కాళ్ల దగ్గరికి వచ్చేసింది. నట్టు వదులు చేసి, "ఎక్కడిదాకా పడిందే?" అని అడిగాడు నన్ను. మూడో రాయి దాకా, దాని మీద అడుగున ఉన్న నలుపు పట్టీ వెలుగులో తడిసింది, పైన తెలుపు తడవలేదు అని చెప్పాను. ఆయన లైటు కొంచెం కొంచెం ఎత్తుతుంటే నేను చూసి చెప్పాను. ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు. రెండోదానికీ అంతే. అప్పుడే మంచులోంచి బిందెలు కట్టుకున్న పాలాయన మోటారు సైకిలు మీద ఎదురొచ్చాడు. కళ్లు చిట్లించలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కారు వంక వింతగా చూసుకుంటూ వెళ్లిపోయాడు. అది చూశాకే మా ఆయన నట్లు గట్టిగా బిగించాడు.

ఓనరు గారు ఆయన్ని పక్క సీట్లో ఎక్కించుకుని తోటకి బయల్దేరారు. వెనకనుంచి చూస్తే లైట్లు కనపడవు గదా. కారు మంచులో మునిగిపోయాక కూడా, దాని ముందు మంచు మాత్రం పసుప్పచ్చగా కదులుతూ కొంత దూరం కనిపించింది. చప్పుడు వినపడినంతసేపూ అక్కడే నిలబడ్డాను.

గట్టు దిగువన టీ బడ్డీ దగ్గర కూర్చున్నాం. పాలకి ఏం కట్టెలు వాడతావు, ఇంత చిక్కగా ఎలా వస్తుందని బడ్డీ ఆమెని అడుగుతూ రెండు టీలు తాగాను. ఎండొచ్చి మంచు విడిపోయాక కారు తిరిగొచ్చింది. నడుపుతున్నది మా ఆయన. ఓనరు గారు పక్క సీట్లో ఉన్నారు. వెనక అరుగు మీద మేం కూర్చున్న చోట పెద్ద అరటి గెల అడ్డంగా పడుకుని ఉంది.

కారు దిగి ఓనరు గారు, "ఈ బండికి ఏమొచ్చినా మీ దగ్గరికే వస్తాను. షెడ్డు తీసే ఉంచండి మేస్త్రీ గారూ," అన్నారు. గెలలో రెండు అత్తాలు నాకు కోసిచ్చారు. మా ఆయన ఆ మాట విన్నాడో లేదో, వంగి లైట్ల వైపే చూస్తున్నాడు.

"గెల వేస్తే మళ్లీ లేస్తున్నాయే," అన్నాడు ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో. "ఖాళీగా పోయేటప్పుడు ఒక చోట, గెలతో వచ్చేటప్పుడు ఒక చోట ఉండాలి. పట్టీ మీద రెండు గాట్లు పెడితే చేత్తో తిప్పుకోవచ్చు."

"మూడో గాటు కూడా పెట్టండి, నేనెక్కితే."

"నువ్వెక్కితే లైటు కృష్ణ అవతల పడుద్ది," అన్నాడు. అప్పుడు నవ్వాడు ఎలక్ట్రీషియన్, హ్యాండిలు ఊగేంతగా.

నెలాఖరు సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సోమవారం పొద్దున పోపు వేస్తూ అలవాటుగా గుమ్మం పక్కకి చూస్తే మేకు ఖాళీగా ఉంది. నేను లేవకముందే వెళ్లిపోయాడు. ఫోను చేస్తే వెనక ఇనుము మీద ఆకురాయి గీసుకుంటున్న చప్పుడు. క్యారేజీలోకి ఏం తెమ్మంటారని అడిగాను.

"ఏదైనా తే. ఇడ్లీలు మాత్రం వద్దు," అన్నాడు.